బోర్ల ఓబులేసు ఎంచుకున్న సైలెన్సర్

నేను ఒక సైలెన్సర్‌ని. మోటారు సైకిల్ ఇంజను వదిలే వేడి పొగను వెనక్కి పంపడం, పంపేటప్పుడు దాని అరుపును తగ్గించడం నా జాతివాళ్ళ పని. ఇందులో మొదటి పని బుద్ధిగా చేశాను. రెండోది చేసిన పాపాన పోలేదు. చేయమని నన్ను అడిగినవాళ్ళూ లేరు. ప్రస్తుతం అనంతపురంలో దాదాపీర్ కొట్టు వెనక, పగిలిన మడ్‌గార్డులూ అరిగిపోయిన చైన్లూ ఉన్న కుప్పలో వెల్లకిలా పడి ఉన్నాను. వాన పడితే నాలో నీళ్ళు నిలుస్తాయి, ఎండ వస్తే ఆరిపోతాయి. తీరిక బాగా ఉంది కాబట్టి నా కథ చెబుతాను. ఇందులో నా గొప్ప పెద్దగా లేదు. ఒక మొగుడూ పెళ్ళాల మధ్య అడ్డంగా కూర్చున్న సంగతి మాత్రం ఉంది.

నేను పుట్టింది కోయంబత్తూరు శివార్లలో ఒక రేకుల షెడ్డులో. స్టెయిన్‌లెస్ స్టీలు రేకును గుండ్రంగా చుట్టి, అతుకు వేసి, లోపల జల్లెడలా చిల్లులున్న గొట్టం ఒకటి పెట్టారు. ఆ గొట్టానికీ నా పొట్టకూ మధ్య గాజుదూది కూరారు. ఇంజను అరుపు ఆ చిల్లుల్లోంచి పోయి దూదిలో ఇరుక్కుని నీరసపడాలని ఏర్పాటు. చివరగా నా మూతిలో మరో చిన్న గొట్టం దూర్చి ఒకే ఒక్క బోల్టుతో బిగించారు. దాన్ని డీబీ కిల్లర్ అంటారు. అది ఉన్నంతసేపే నేను మర్యాదస్తుణ్ణి. బోల్టు విప్పి దాన్ని లాగేస్తే నా అసలు గొంతు బయటపడుతుంది. అది ఇట్టే ఊడివస్తుందని షెడ్డు యజమానికి తెలుసు, కొనేవాడికి తెలుసు, రోడ్డు మీద పట్టుకునే పోలీసుకూ తెలుసు. మావాళ్ళను కొందరిని వరసగా రోడ్డు మీద పడుకోబెట్టి రోలర్‌తో తొక్కించి, పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. అంత దూరం నా కథ పోలేదు.

అన్నీ అయ్యాక నా నడుము మీద ఒక స్టిక్కరు అంటించారు. దాని మీద ఇటలీ జెండా ఉంది. నేను ఇటలీ ముఖం ఎరుగను. టమోటాలు దించి తిరిగి వెళ్తున్న లారీలో అనంతపురం వచ్చాను. ఆ వాసన నన్ను చాలా రోజులు వదల్లేదు.

దాదాపీర్‌కు నలభై అయిదేళ్ళుంటాయి. నిజాయితీ గల వ్యాపారి. అడిగితే అబద్ధం చెప్పడు, అడగకపోతే స్టిక్కరు చింపడు. కొట్లో గోడకు మమ్మల్ని ఆరుగురిని వేలాడదీశాడు. పొట్టిగా పిడికెడంత ఉన్నవాడొకడు, నల్ల రంగు పూసుకున్నవాడొకడు, రెండు మూతులవాడొకడు. వచ్చే కుర్రవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "సౌండ్ ఎట్లుంటాదన్నా?" అని. సెల్‌ఫోన్లో మా గొంతులు వినిపించేవాడు దాదాపీర్. వాళ్ళు కళ్ళు మూసుకుని, కచేరీకి వచ్చినట్టు తలలూపేవారు.

ఒక రోజు పొద్దున పదిన్నరకు ఓబులేసు వచ్చాడు. అరవై దాటినవాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, కాలికి మాత్రం బైకు బూట్లు. కొట్టు ముందు ఆపిన బండిని చూసి మేమంతా నోరు వెళ్ళబెట్టాం. దూర ప్రయాణాల కోసం చేసిన పెద్ద బండి, రెండు సిలిండర్లది. ముందు గాలి అద్దం, వెనక రెండు పక్కలా సామాను పెట్టెలు, వెనక కూర్చునేవాళ్ళకు వీపు ఆనించుకునే దిండు. ఆ దిండుకు ఆనుకుని ఆయన భార్య సుంకమ్మ కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళు మడిచి తొడ కింద నొక్కిపెట్టి, హెల్మెట్ మీద నుంచి కొంగు కప్పుకుని ఉంది. అది మాత్రం నేను మరెక్కడా చూడలేదు.

"దీని సైలెన్సర్ మార్చల్ల. గట్టిదొకటి చూపియ్యి," అన్నాడు ఓబులేసు, అవసరం లేనంత పెద్ద గొంతుతో.

దాదాపీర్ ఆయన్ని చూశాడు, బండిని చూశాడు. "అన్నా, నువ్వు దూరాలు పోతావు. గల్లీలో రెండు రౌండ్లు కొట్టేటోనికి ఏది పెట్టినా సరిపోతాది. నువ్వు పొద్దంతా కూచుని ఇనల్ల. ఎనభైలో పోతాంటే కొన్ని ఒకటే మాదిరి ఊళ పెడ్తాయి. తలకాయ నొప్పి లేస్తాది. వెనక వదిన కూచుంటాది. కంపెనీదే ఉంచుకోప్పా," అన్నాడు.

బేరం పోగొట్టుకుని మరీ చెప్పిన మంచిమాట. ఓబులేసు నవ్వి, గోడ వైపు చెయ్యి చాపాడు.

దాదాపీర్ ఒక్కొక్కరినీ తెచ్చి బిగించి ఇంజను స్టార్టు చేశాడు. పొట్టివాడు పెట్టెకు తగులుతాడని పక్కన పెట్టారు. నల్లవాడి వేడికి వెనక కూర్చున్న మనిషి కాలు కాలుతుందన్నారు. రెండు మూతులవాడు బరువు. ఇవన్నీ దాదాపీర్ చెప్పిన కారణాలు. ఓబులేసు వాటిలో ఒక్కటీ వినలేదు. ఆయన చేసిన పని వేరు. ప్రతి ఒక్కరి వెనకా గొంతుక్కూర్చుని, మూతికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు. నా వంతు వచ్చింది. నా పొగ ఆయన అరచేతిని దబదబా కొట్టింది. ఆయన ముఖం విప్పారింది. 

"ఇదే. లోపల గొట్టమేదో ఉంటాదంట గదా, అది గూడ పీకేయి."

"డీబీ కిల్లర్ తీస్తే వదిన తట్టుకోలేదన్నా."

"ఏమప్పా?"

దాదాపీర్ మళ్ళీ చెప్పాడు. ఓబులేసు అతని పెదవుల వైపే చూస్తూ, "ఏం గాదులే," అన్నాడు. సుంకమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "వయసు అరవై, వేషాలు ఇరవై. పెట్టుకోనీప్పా. ఎన్నాళ్ళకో ఇంటి పట్టున ఉండాడు, ఆ ఒక్క సరదా ఎందుకు కాదనల్ల," అని నవ్వింది.

నాకు నిజం అప్పుడే తెలిసింది. అరచెయ్యి పెట్టి సైలెన్సర్‌ను ఎంచుకునేవాడు చెవులున్నవాడు కాదు.

ఓబులేసు కథ కూడా కొంత చెప్పాలి. ఆయన ముప్పై అయిదేళ్ళు బోరు లారీ మీద డ్రిల్లరు. భూమిలోకి రాడ్లు దించి, కంప్రెషర్ గాలితో రాయి పొడి చేస్తూ నీళ్ళ కోసం వెతికే పని. ఆ కంప్రెషర్ ముందు నేనొక లెక్క కాదు, దాని పక్కన నేను పిల్లి కూత. అంత గోలలో ఓబులేసు రాడ్డు చప్పుడు విని, కింద నల్లరాయి ఉందో మెత్తరాయి ఉందో, ఇంకెన్ని అడుగులకు తడి తగులుతుందో చెప్పేవాడు. రైతులు బోరు యజమానిని అడిగేవారు కాదు. "ఓబులేసు చెవి ఏమంటాంది?" అని అడిగేవారు. ఇంకో ఇరవై అడుగులు దించమంటే అప్పు చేసైనా దించేవారు. అదే ఆయన పేరు, అదే ఆయన గౌరవం. ఆ చెవులను ఆ గోలే తినేసింది. నాలుగేళ్ళుగా కొంచెం కొంచెంగా పోతూ వచ్చాయి. ఆయన ఎవరికీ చెప్పలేదు. పని మానేసి, వయసైందన్నాడు. పెదవులు చూసి సగం, అలవాటు కొద్దీ సగం అర్థం చేసుకుంటూ నెట్టుకొచ్చాడు.

ఇక ఈ బండి ఎందుకంటే, అది సుంకమ్మకు ఇచ్చిన మాట. పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఏడాదిలో ఎనిమిది నెలలు లారీతోనే ఉండేవాడు. పావగడ, బళ్ళారి, చిత్రదుర్గం, అక్కడి నుంచి ఒరిస్సా దాకా. ఇద్దరు కూతుళ్ళను పెంచింది, పెళ్ళిళ్ళు చేసింది సుంకమ్మే. పని మానగానే, "నేను నీళ్ళు తెప్పించిన ఊర్లన్నీ నీకు చూపిస్తా" అన్నాడట. కారైతే గంటకే కడుపులో తిప్పుతుంది ఆమెకు. అందుకని బండి కొన్నాడు.

ఆయన నన్నెందుకు ఎంచుకున్నాడో తిరగడం మొదలుపెట్టాక ఇంకా బాగా అర్థమైంది. నా దరువు వీపుకూ తొడలకూ తగిలితేనే ఇంజను ఏ స్థితిలో ఉందో ఆయనకు తెలిసి గేరు మార్చేవాడు. అది ఒక కారణం. రెండోది ఆయన తనకు తానైనా ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. నేను మోగుతున్నంతసేపూ పక్కన ఎవరున్నా ఆయనంత చెవిటివాళ్ళే. ఎవరైనా ఏదైనా అంటే, "ఈ గొట్టం మోతలో ఏమీ ఇనపళ్ళేదప్పా" అనేవాడు. వాళ్ళూ నవ్వి, చేతులతో సైగ చేసేవారు. ఆయన గుట్టు నా గోల వెనక దాక్కుంది. నాకది గర్వంగానే ఉండేది, దాచడమెందుకు? అంతవరకు నన్ను అవసరమనుకున్నవాళ్ళెవరున్నారు గనక.

వారానికి రెండు ప్రయాణాలు చేశాం. ఏదో ఒక ఊరు చేరి, ఒక చేను గట్టున ఆగేవాళ్ళం. ఓబులేసు నేల మీదికి పొడుచుకొచ్చిన బోరు కేసింగు పైపు మీద చెయ్యి వేసి నిలబడి, "ఇది తొంభై ఏడులో దించినాం. రెండున్నర ఇంచి నీళ్ళు," అనేవాడు. కొన్నిచోట్ల ఇంకా నీళ్ళు పోస్తుండేవి. కొన్ని ఎండిపోయాయి, వాటి మూతి మీద రాయి పెట్టి ఉండేది. రైతు ఇంట్లో మజ్జిగ తాగి బయలుదేరేవాళ్ళం.

దారిలో సుంకమ్మ మాట్లాడేది.

మొదట్లో దారిన కనిపించేవాటి గురించే. వేరుశనగ ఎండిపోయిందనీ, ఫలానా ఊళ్ళో మేకలు బాగున్నాయనీ. నాలుగైదు ప్రయాణాలయ్యాక పాత సంగతులకు వచ్చింది. ఆయన లేనప్పుడు ఇల్లు కురిసిన రాత్రి, పెద్దకూతురికి టైఫాయిడ్ వచ్చిన నెల, అత్తగారు ఆఖరి రోజుల్లో ఎవరిని తలచుకుందో. ఎదురుగా కూర్చుంటే ఆ మాటలు ఆమె నోటికి వచ్చేవి కావు. ఆయన వీపు చూస్తూ చెప్పడం తేలిక అనుకుంటాను. మాట్లాడేటప్పుడు ఆమె గడ్డం ఆయన భుజానికి తగిలేది. తగిలినప్పుడల్లా ఓబులేసు "ఊ" అని తలూపేవాడు. ఆమె ఏదో చెబుతోందని భుజానికి తెలిసేది, ఏం చెబుతోందో చెవులకు తెలిసేది కాదు. ఆమె మాత్రం ఆయన అన్నీ వింటున్నాడనుకుంది. ఇంత ఓపికగా వినే మనిషని ఇన్నాళ్ళూ తెలియలేదే అని మురిసిపోయింది కూడా. నేను ఆమె కాలి పక్కనే, అడుగు దూరంలో ఉన్నాను. ఎంత అరుస్తున్నా నా వీపు మీద పడిన ప్రతి మాటా నాకు తెలిసింది. తగ్గమంటే తగ్గడం నా చేతిలో లేదు.

రాయదుర్గం నుంచి వస్తున్న ఒక సాయంత్రం, ఆమె ఆయన వీపుకు దగ్గరగా జరిగింది. తర్వాత గడ్డం భుజం మీద ఆనించి చెప్పింది.

"ఏమయ్యా, మన మొదటి బిడ్డ సంగతి. మనం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పుట్టింది, రెండు దినాలుండింది, పోయింది. మా నాయన చేని గట్టున పూడ్చినారు. నువ్వు ఒరిస్సాలో, కొరాపుట్‌లో ఉండావు. పదకొండు దినాలకు వచ్చినావు. కబురు ఆలస్యంగా అందిందని చెప్పినావు. నేను సరే అన్నా. ముప్పైనాలుగు ఏండ్లు నీ మీద ఆ కోపం పెట్టుకునే వంట చేసినా, పిల్లోళ్ళను సాకినా. ఈ పొద్దుతో దాన్ని ఇడిసిపెడ్తాండా. ముసలోళ్ళమైపోతిమి, ఇంకా ఎందుకు? వచ్చే శుక్కురారం ఆ బిడ్డ పోయిన దినం. ఇద్దరం పోయి ఆడొక కానుగ మొక్క పెడదాం. వస్తావు గదా?"

"ఊ," అన్నాడు ఓబులేసు. గట్టిగా తలూపాడు కూడా.

సుంకమ్మ ఆయన వీపు మీద తల పెట్టుకుంది. మా ఊరు వచ్చేదాకా తీయలేదు. ఆ రోజు నేను నాకే అసహ్యం వేసేంత గట్టిగా అరిచాను. కావాలని కాదు, దారంతా ఎత్తు.

శుక్రవారం పొద్దున ఓబులేసు పంచె బిగించి, నన్ను మోగించుకుంటూ దాదాపీర్ దగ్గరికి బయలుదేరాడు. నాలో గాజుదూది కాలిపోయిందేమో చూపించాలని. సుంకమ్మ అప్పుడు తలస్నానం చేస్తోంది. కొట్లో కబుర్లు చెప్పుకుంటూ, బొరుగులూ మిరపకాయ బజ్జీలూ తిని, మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వచ్చాం. సుంకమ్మ కొత్త చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన నల్ల ప్లాస్టిక్ సంచిలో కానుగ మొక్క, ఒక చెంబు, గడ్డపార ఉన్నాయి. ఓబులేసు ఇంజను ఆపాడు.

"యాడికి పోయినావు?" అంది.

ఆయన ఆమె ముఖం చూసి భయపడ్డాడు. "కొట్టుకాడికి. ఏమైంది?"

"ఈ పొద్దు ఏం దినం?"

"శుక్కురారం."

"నీకు చెప్పినా గదయ్యా. బండి మీద చెప్పినా. నువ్వు ఊ అన్నావు."

ఆయన అలవాటుగా నా వైపు వేలు చూపించాడు. "ఈ గొట్టం మోతలో ఏం ఇనపడతాదే సుంకీ."

సుంకమ్మ నన్ను చూసింది. నిప్పులాంటి చూపు అంటారు చూడండి, నిప్పుతో నాకు రోజూ పరిచయమే గాని అంతగా కాలిన గుర్తు లేదు. "అంటే, ఇన్ని దినాలు నేను చెప్పింది ఒక్కటీ ఇన్లేదా?" అంది. ఆయన తల దించుకున్నాడు. "ఏం చెప్పినావో ఇప్పుడు చెప్పు, ఇంటా," అన్నాడు చివరికి.

"అట్లాంటియి ఒక్కసారే చెప్తారు. ఆ గొట్టం పీకి పారెయ్యి. అది ఉన్నన్నాళ్ళూ నేను ఈ బండి ఎక్కను, నీతో యాడికీ రాను," అని మొక్క తీసుకుని లోపలికి పోయింది.

నన్ను పీకడానికి ఒక క్లాంపు, ఒక బోల్టు విప్పితే చాలు. అరగంట పని. ఓబులేసు ఆ అరగంట పని మూడు వారాలు చేయలేదు. ఊళ్ళో వాళ్ళు వింతగా చెప్పుకున్నారు, పెళ్ళాం కన్నా సైలెన్సర్ ఎక్కువైందని. సుంకమ్మ కూడా అదే అనుకుంది. ఆయన ఇబ్బంది నాకొక్కడికే తెలుసు. నన్ను తీసేస్తే బండి మెత్తగా పోతుంది. ఆమె మళ్ళీ వెనక కూర్చుని మాట్లాడుతుంది. ఆయనకు అప్పుడు కూడా వినపడదు. ఆనాడు నింద వేయడానికి నేనుండను. అందుకని నన్ను ఉంచుకుని ఆమెను దూరం చేసుకున్నాడు. మనుషుల లెక్కలు ఇలాగే ఉంటాయి. అన్నం తినేటప్పుడు ఆమె వైపు చూసేవాడు, ఆమె పెదవులు కదిపితే ఏమన్నా పట్టుకుందామని. ఆమె పెదవులు కదపడమే మానేసింది.

పొద్దున పూట మాత్రం బండిని పెరట్లో స్టార్టు చేసి, కాసేపు నా మూతి దగ్గర అరచెయ్యి పెట్టి కూర్చునేవాడు. ఒక రోజు చలిగా ఉందని మందపాటి బైకు గ్లౌజులు తొడుక్కున్నాడు. బండి స్టాండు మీద ఉంది. స్టార్టు చేశాడు, నేను మోగాను. పక్కింటి గేదె బెదిరి పలుపు తెంపుకోబోయింది. ఓబులేసు గేటు తీసి వచ్చి, హ్యాండిల్ పట్టుకుని, గ్లౌజుల్లోంచి అదురు తెలియక బండి ఆగిపోయిందనుకున్నాడు. మోగుతూ ఉన్న ఇంజను మీద మళ్ళీ స్టార్టరు బటను నొక్కాడు. లోపల పళ్ళ చక్రాలు ఒకదాన్నొకటి కొరుక్కుని కీచుమన్నాయి. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఇంకోసారి నొక్కాడు.

పెరటి గుమ్మంలో సుంకమ్మ నిలబడి ఉంది. చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఇంటి పెంకులు అదిరేలా నేను అరుస్తున్నాను, నా పక్కనున్న మనిషికి నేను వినపడటం లేదు. ఆమె ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. చేట కింద పెట్టి, వచ్చి, తాళంచెవి తిప్పి ఇంజను ఆపింది. ఆయన ముందుకు వచ్చి నిలబడి, తన చెవి మీద చెయ్యి పెట్టుకుని, "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది.

ఓబులేసు ఒక్కొక్క వేలూ లాగి గ్లౌజులు విప్పాడు.

"నాలుగేండ్లు," అన్నాడు. "బోర్ల ఓబులేసుకు చెవులు పోయినాయంటే ఊరోళ్ళు ఏమనుకుంటారే? నేను చెప్పినానని రాళ్ళల్లో దించి, నీళ్ళు పడని బోర్లు ఎన్ని ఉండాయి? నా చెవులు అప్పుడే పోయినాయేమో అని వాళ్ళంతా అనుకుంటారు గదా."

ఎవరో ఏదో అనుకుంటారని నాలుగేళ్ళు దాచాడు. ఆ పెద్దమనిషి ఏడుస్తుంటే నాకు పొగరంతా దిగిపోయింది. సుంకమ్మ కోప్పడలేదు. కొంగుతో ఆయన ముఖం తుడిచి, చెయ్యి సైగతో లోపలికి పిలిచి, కాఫీ పెట్టింది.

ఆ తర్వాత ఒక బుధవారం ఇద్దరూ బండి మీదే అనంతపురం వచ్చారు. ఆమె నేనున్న బండి ఎక్కింది, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది. అప్పటికి రెండుసార్లు వాళ్ళు బస్సులో చెవుల డాక్టరు దగ్గరికి వచ్చి వెళ్ళారట, ఆ రోజు వినడానికి చెవి మిషను ఇస్తారట. ఆసుపత్రి బయట ఎండలో నేను గంటన్నర ఆగాను. ఓబులేసు బయటికి వచ్చినప్పుడు రెండు చెవుల వెనకా గోధుమరంగు గింజల్లాంటివి ఉన్నాయి. హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆటో వెళ్తే ఉలిక్కిపడ్డాడు. చెరుకురసం బండి గజ్జెలను తల తిప్పి వెతికి మరీ చూశాడు. ఆ ముఖం చూస్తే నాకూ సంతోషమేసింది. నన్ను కూడా ఇప్పుడు వింటాడు గదా అనుకున్నాను. చెయ్యితో తాకి చూసి ఎంచుకున్నవాడు, నా గొంతు విని ఇంకెంత మురిసిపోతాడో అనుకున్నాను.

స్టార్టరు నొక్కాడు.

"అబ్బా!" అని రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకున్నాడు. హెల్మెట్ కింద పడి దొర్లింది. "ఆపు! ఆపు సుంకీ! ఏం గోలే ఇది? ఇదా నేను పెట్టుకుని తిరిగింది? ఈ గోలలో నువ్వు ఎట్ల కూచున్నావే?"

ఆయన తప్పేమీ లేదు. అయినా నేను చాలా బాధపడ్డాను. నన్ను ప్రేమించిన ఒకే ఒక్క మనిషి నన్ను వినని మనిషి అని ముందే తెలుసు. తెలిసినా, ఆ ముఖం అలా ముడుచుకోవడం చూస్తే ఎవరికైనా బాధే.

దాదాపీర్ కొట్టు దాకా బండిని ఇద్దరూ తోసుకుంటూ వచ్చారు. దగ్గరే, రెండు వీధుల అవతల. దాదాపీర్ సంగతి విని, మారు మాట్లాడకుండా అటక మీద నుంచి కంపెనీ సైలెన్సర్‌ను దించాడు. దాన్ని ఇన్నాళ్ళూ పాత గోనెపట్టాలో చుట్టి భద్రంగా ఉంచాడు, ఆ మనిషి అలాంటివాడు. "ఇదొక్కటే కాదన్నా, వేరేది ఏదన్నా చూస్తావా? మెత్తటివి ఉండాయి," అన్నాడు. ఓబులేసు ఈసారి సుంకమ్మ వైపు చూపించి, "ఆమెను అడుగు. వెనక కూచునేది ఆమె," అన్నాడు. సుంకమ్మ గోడకు వేలాడుతున్న మావాళ్ళ వైపు చూడనైనా చూడలేదు.

నన్ను విప్పి, చల్లారడానికి కొట్టు ముందు బెంచీ కింద పడేశారు. లోపల దాదాపీర్ కొత్త వాషరు కోసం వెతుకుతున్నాడు. వాళ్ళిద్దరూ వచ్చి ఆ బెంచీ మీదే కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు ఓబులేసు. "ఆ పొద్దు బండి మీద ఏం చెప్పినావో."

ఆమె రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. చెప్పదేమో అనుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు, లేచీ పోలేదు. చివరికి ఆమె చెప్పింది. ఆ మాటలే, కొంచెం తక్కువగా. బిడ్డ, పదకొండు దినాలు, కోపం, కానుగ మొక్క. గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేకపోయింది.

ఓబులేసు అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు. ఆమె ముగించాక కూడా కదల్లేదు. సరే అనేసి ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఆమె క్షమించేసింది, అడిగేవాళ్ళెవరూ లేరు. ఆయన ఊరుకోలేదు.

"సుంకీ, టెలిగ్రాం నాకు మూడో దినమే అందింది," అన్నాడు. "రాడ్లు మూడొందల అడుగుల్లో ఇరుక్కునింటివి. బిడ్డ పోయిందని ఉండె అందులో. పోయినంక నేను వచ్చి చేసేదేముంది, రాడ్లు తీసి పోదాంలే అనుకున్యా. నీకు అబద్ధం చెప్పినా."

నేను బెంచీ కింద టిక్కు టిక్కుమంటూ చల్లారుతున్నాను. వేడి ఇనుము అలా చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు కూడా ఆపుకోగలిగితే బాగుండుననిపించింది.

"తెల్సు," అంది సుంకమ్మ.

ఆయన తల తిప్పి ఆమెను చూశాడు.

"మీ లారీలో వంటాయన ఉండె గదా, ఆయన పెండ్లాం ఆ ఏడే చెప్పింది. నాకు తెలీదనుకున్నావా? తెలీకుంటే ఒక్క ఏడాదిలో మర్చిపోయి ఉందును. తెల్సినందుకే గదా ఇన్నేండ్లు పట్టింది."

ఓబులేసు చెయ్యి బెంచీ మీద జరిగి ఆమె చెయ్యి దగ్గర ఆగింది. ఆమె తీసుకోలేదు, తన చెయ్యి వెనక్కీ లాక్కోలేదు.

దాదాపీర్ బిగించడం పూర్తి చేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అయిపోయిందన్నా. స్టార్టు చేసి చూడు." ఓబులేసు లేచాడు. ఇంజను మోగింది. మోగిందనడం కూడా ఎక్కువే, ఏదో గొణుక్కుంది.

"వచ్చే ఏడు ఆ దినానికి పోదాం. తప్పకుండా పోదాం," అన్నాడు.

"వచ్చే ఏడు దాకా ఎందుకు? మొక్క బండి పెట్టెలోనే ఉండాది, పొద్దున్నే పెట్టినా. గడ్డపార మా నాయనోళ్ళ ఇంట్లో తీసుకుందాం. బండి తియ్యి," అంది సుంకమ్మ.

చీర కుచ్చిళ్ళు మడిచి ఎక్కి కూర్చుంది. దాదాపీర్ వాళ్ళకు చెయ్యి ఊపి, నన్ను కాలితో పక్కకు జరిపాడు. బండి బళ్ళారి రోడ్డు ఎక్కింది. ఆమె అప్పుడే ఏదో చెప్పడం మొదలుపెట్టింది, గడ్డం ఆయన భుజం మీద పెట్టి. నూరు గజాలు పోయారో లేదో, ఓబులేసు బండి పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగి ఆమెను ఏదో అడిగాడు. ఆమె చేతులు తిప్పుతూ చెబుతోంది, ఆయన మధ్యమధ్యలో మళ్ళీ అడుగుతున్నాడు. ఏమడిగాడో, ఆమె ఏం చెప్పిందో, అంత దూరం నుంచి నాకు వినపడలేదు.